మోరిస్‌విల్ అమ్మల జట్టులో ఒలేస్యా

ఒలేస్యాకి అన్నం పెట్టింది ఫుట్‌బాలే. ఖార్కివ్ నగరంలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు. అన్నలతో వీధిలో ఆడుతూ మొదలుపెట్టి, ఉక్రెయిన్ మహిళల లీగులో పేరున్న డిఫెండరయింది. జాతీయ జట్టు చొక్కా కూడా తొడుక్కుంది. ఎంత చురుకైన అమ్మాయికైనా ఆమెను దాటి బంతి తీసుకుపోవాలంటే చుక్కలు కనబడేవి. ముప్పై దాటాక ఒక మ్యాచ్‌లో మోకాలు మెలిపడి లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేయించుకున్నా కాలు మునుపటిలా మాట వినలేదు. ఆట మానేసి పిల్లలకి కోచింగ్ ఇద్దామనుకుంటుండగా యుద్ధం వచ్చిపడింది.

అలా పినతల్లి కూతురి దగ్గరకి, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌కి చేరింది. అక్కడ పిల్లల సాకర్ క్లబ్‌లో కోచ్ పని దొరికింది. ఆ జట్టులో సగం మంది తెలుగు పిల్లలే. వాళ్ళు ఆడుతుంటే తల్లులు గట్టున మడత కుర్చీలేసుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్‌లతో మీటింగుల్లో ఉండేవారు. కానీ బంతి గోల్ వైపు వెళ్ళినప్పుడల్లా కుర్చీల కింద వాళ్ళ కాళ్ళు కదలడం ఒలేస్యా కనిపెట్టింది.

ఒక సాయంత్రం బంతి దొర్లుకుంటూ జట్టులోని నైనిక వాళ్ళమ్మ మనీషా దగ్గరకి వెళ్ళింది. మనీషా కూర్చున్నచోటి నుంచే తన్నింది. అది తిన్నగా వచ్చి ఒలేస్యా పాదం దగ్గర ఆగింది.

"మీరు ఇదివరకు ఆడారా?" అని ముక్కల ఇంగ్లిష్‌లో అడిగింది ఒలేస్యా.

"లేదు కోచ్. మా స్కూల్లో బాల్ అబ్బాయిలకే ఇచ్చేవాళ్ళు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం."

"శనివారం పొద్దున రండి. చప్పట్లు నేను కొడతాను."

మనీషా ఒక్కతే రాలేదు. స్నేహితురాలు నమ్రతనీ, అపార్ట్‌మెంట్‌లో ఇంకొంతమందినీ వెంటేసుకొచ్చింది. మొదట్లో బంతిని వదిలేసి ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తన్నుకున్నారు. తన తొలి కోచ్ తిట్టిన తిట్లన్నీ ఒలేస్యాకి గుర్తే, అయినా ఒక్కటీ వాళ్ళ మీద వాడలేదు. "వెనక్కి", "వదలకండి" అన్న తెలుగు మాటలు మాత్రం నేర్చుకుంది.

నీళ్ళు తాగేటప్పుడు మనీషా అడిగేది, "ఇక్కడ ఉండడానికి మీ ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయిందా, కోచ్?"

"పెండింగ్. మీ వీసా?"

"మాదీ అంతే."

ఇద్దరూ లేచి మళ్ళీ ఆటలోకి పోయేవారు.

వసంతంలో పక్క ఊరి ఆడవాళ్ళ జట్టుతో మ్యాచ్ పెట్టుకున్నారు. సగం ఆటకే మూడు గోల్స్ తిన్నారు. పైగా నమ్రత చీలమండ బెణికింది. బదులు దిగడానికి మనిషి లేదు.

"కోచ్, మీరే రండి," అంది మనీషా.

"నా మోకాలి సంగతి తెలుసుగా."

"పరిగెత్తకండి. నిలబడితే చాలు. మేం పరిగెత్తుతాం."

ఒలేస్యా బూట్ల తాళ్ళు బిగించి మైదానంలోకి దిగింది. అవతలి జట్టులోని ఒక పొడుగాటి అమ్మాయి బంతితో దూసుకొచ్చింది. ఒలేస్యా పరిగెత్తలేదు. ఆ అమ్మాయి భుజం ఎటు వాలుతుందో చూసి, అటు అరడుగు జరిగి, బంతిని అలవోకగా లాగేసుకుంది. ఎన్నో ఏళ్ళుగా గుండెలో గడ్డకట్టిందేదో కదిలినట్టయింది. తలెత్తి చూసి బంతిని ముందుకి లేపింది. మనీషా దాని వెంట పడి, కిందా మీదా పడుతూ గోల్‌లోకి నెట్టింది.

మ్యాచ్ ఓడిపోయారు. ఆ సంగతి ఇళ్ళకి వెళ్ళేదాకా ఎవరికీ పట్టలేదు.

మర్నాడు ఖార్కివ్‌లో ఉన్న పాత జట్టు సహచరి ఫోన్ చేసింది. "మళ్ళీ ఆడుతున్నావట. ఏ క్లబ్‌కే?"

"అమ్మల క్లబ్‌కి," అంది ఒలేస్యా, మోకాలి మీద ఐస్ సంచీ సర్దుకుంటూ. "శనివారం నుంచి నమ్రత అనే ఆవిడకి డిఫెన్స్ నేర్పాలి. చీలమండ నయం కానీ, చూద్దువుగాని, మంచి ప్లేయరవుతుంది."