కాకులు తుమ్మిన వ్యాసం

నిన్న ప్రత్తిపాడు దాటుతుంటే మిరపకాయల లారీ ఎదురై మా బస్సంతా తుమ్మింది. నాకు మాత్రం తుమ్ముతోపాటు ఐదో తరగతినాటి భయం కూడా వచ్చింది.

"కల్లం మీద వ్యాసం రాసుకురండి. చదువుతుంటే నాకు ఘాటు తగలాలి," అన్నారు టీచరుగారు. ఆ సాయంత్రం మిరపకాయలు ఎండబోసిన మా కల్లంలో అమ్మ పక్కన రంగు పోయిన తాలుకాయలు ఏరి, అదే చేత్తో అక్కడే కూర్చుని రాశాను. ఎండిన కాయలు గలగలలాడతాయనీ, ఆ ఘాటుకి కాకులు కూడా తుమ్ముతాయనీ రాశాను.

మర్నాడు టీచరుగారు నా కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదవసాగారు. కాకుల దగ్గరికి వచ్చేసరికి తుమ్మారు. కళ్ళు నులుముకున్నారు. అవి ఎర్రబడి, ధారగా నీళ్ళు కారాయి. దగ్గు ఆగలేదు.

"ఏం రాశావురా? చంపేసేట్టున్నావే!" అన్నాడు పక్కనున్న మస్తాన్.

నా మాటలే ఆవిడ ప్రాణం తీస్తున్నాయనుకున్నాను.

"చదవకండి టీచరుగారూ! కాకులు తుమ్మవండీ, అదంతా అబద్ధమండీ!" అని బావురుమన్నాను.

ఆవిడ నా చెయ్యి వాసన చూసి, "ముందు చేతులు కడుక్కునిరా పో," అన్నారు.

అప్పట్నుంచీ చేతులు కడుక్కునే రాస్తున్నాను. ఇంతవరకూ ఒక్కరూ తుమ్మలేదు.