వాన తెచ్చిన చేప

ఒక కరువు ఏడాది, ధర్మవరంలో మా ఇంటి మగ్గం గుంతలో కాళ్లు దించి చీర నేస్తూ, పామిడి దగ్గర పెన్నలో ఎనుమంత చేపను చూశానని కోతలు కోశాను. ఆ సాయంత్రమే వాన పడింది. నా కథకే పడిందని వీధంతా నమ్మింది.

తర్వాత మబ్బు మళ్లీ మొహం చాటేసింది. నేను పెళ్లిచూపులకు కొత్తచెరువు బయలుదేరుతుంటే నాయన, మేనమామ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"యాడికప్పా పోతాండావు? కూచోని కథ చెప్పు" అన్నాడు మామ.

"మొన్న చెప్తే చినుకు రాల్యా గదా, మామా?"

"మనసు పెట్టి చెప్పల్యా నువ్వు."

"నీకెట్ల తెలుసు?"

"వాన రాల్యా గదా!"

ఆ వాదన గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతోందని తెలుస్తూనే ఉంది. బయటపడే దారి మాత్రం లేదు. బస్సు వేళ దాటిపోతోంది. చివరికి వాళ్ల తర్కాన్నే అందుకున్నాను.

"నాయనా, వాన నా కథలో లేదు, కాళ్లల్లో ఉండాది. ఆ పొద్దు పామిడి నుంచి నా వెంటే వచ్చింది. కొత్తచెరువుకు పోయొస్తే మళ్లీ వస్తాది."

నాయన గడ్డం గోక్కున్నాడు. గెలిచాననుకున్నాను.

"అంటే, నిన్ను పంపిస్తే మన వాన పోయి కొత్తచెరువులో పడ్తాది" అంటూ తలుపు గడియ పెట్టాడు.

మామ నన్ను మళ్లీ మగ్గం గుంతలోకి దింపి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఊఁ, ఇప్పుడు చెప్పు. చేప ఎంతుండె?"