ఇత్తడి నెమలికి ఇంకు సంతకం

గల్ఫ్‌లోని ఒక దేశంతో మన వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చిన మరుసటి సంవత్సరం నన్ను కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ జిల్లా పరిశ్రమల కేంద్రానికి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ డైరెక్టర్. నా పైన జనరల్ మేనేజర్, ఆయన పైన హైదరాబాద్‌లో కమిషనర్. ఎగుమతుల పని నాకు అప్పగించారు. కరీంనగర్‌లో ఆ పని అంటే గ్రానైట్, బియ్యం. వ్యాపారుల ఏజెంట్లే వచ్చి కాగితాలు నడిపించుకునేవారు. ఆసిఫాబాద్‌లో విదేశాలకు సరుకు పంపుతున్నది నాకు తెలిసి ఒకే ఒక్క సంఘం. కెరమెరి కొండల వైపు ఒక గూడెంలో ఇత్తడి బొమ్మలు పోతపోసే ఓజా కుటుంబాలది.

ఆ సంఘం అధ్యక్షురాలు సోనుబాయి. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. ఒక ఆన్‌లైన్ అమ్మకాల వేదికలో సంఘం పేరున దుకాణం పేజీ తెరిచారు. గల్ఫ్‌లోని ఒక కళావస్తువుల షాపు ఆ పేజీలో ఇత్తడి నెమళ్లు చూసి పెద్ద ఆర్డరు పెట్టింది. ఆ ఆర్డరు కోసం చంద్రపూర్‌లో కూలికి పోయిన నాలుగు కుటుంబాలు గూడేనికి తిరిగొచ్చి మళ్లీ కొలిమి ముందు కూర్చున్నాయి. సరుకు వెళ్లింది. కొన్నాళ్లకు సోనుబాయి జీపెక్కి మా ఆఫీసుకు వచ్చింది.

"సామాను ఆడ ఆపిన్రట మేడం. వాపస్ పంపుతమంటున్నరు."

ఎందుకు ఆపారో చెప్పారా అని అడిగాను.

"సంతకం లేదట. ఇత్తడి ఏడికెళ్లి అచ్చిందని గూడ అడిగిన్రట. కోడలు ఫోన్ల సదివి చెప్పింది. సామాను వాపసొస్తే ఆ నాలుగిండ్లోళ్లు మళ్ల చంద్రపూర్ పోతరు. ఈసారి పోతే మళ్ల రారు."

ఈ తిరకాసు ఏమిటో కాస్త వివరించాలి. ఒప్పందం ఉన్న దేశానికి మన సరుకు వెళ్తే అక్కడి కస్టమ్స్ సుంకంలో రాయితీ ఇస్తుంది. కానీ ఆ వస్తువు మన దేశంలోనే తయారైందని రుజువు చూపాలి. దాన్ని మూలస్థాన ధ్రువపత్రం అంటారు. ఒకప్పుడు దాని మీద అధికారి ఇంకు సంతకం, గుండ్రని ముద్ర ఉండేవి. ఇప్పుడు సరఫరాదారు కంప్యూటర్‌లో దరఖాస్తు పెడితే అధికారి డిజిటల్ సంతకంతో పత్రం వస్తుంది. అక్కడి అధికారి ఎవరో దాన్ని ప్రింటు తీసి చూసి, ఇంకు మరక లేదని అనుమానపడ్డాడు. అనుమానం తీరేదాకా సరుకు వదలరు. గడువులోగా చేరని సరుకును అమ్మకాల వేదిక వెనక్కి పంపిస్తుంది, దుకాణం పేజీ మూసేస్తుంది.

ఒప్పందం ప్రతిని తెరిచి డిజిటల్ వాణిజ్యం అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా చదివాను. అంతకు ముందు సుంకాల పట్టికలు తప్ప ఆ పుస్తకంలో నేనేమీ చూసి ఉండలేదు. మాకు పనికొచ్చేవి రెండు వాక్యాలు కనిపించాయి. ఒకటి, వాణిజ్య పత్రాల ఎలక్ట్రానిక్ ప్రతులను ఆమోదించడానికి ఇరుదేశాలు ప్రయత్నించాలని. రెండోది, ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఏ సంతకాన్నీ చెల్లదనరాదని.

మా జనరల్ మేనేజర్ నెమ్మదస్తుడు, ఫైలు ఆసాంతం చదివే మనిషి. మొదటి వాక్యం సూటిగా మన పత్రం గురించే ఉంది కాబట్టి దాన్నే ముందు పెట్టమన్నారు. నేను రెండు వాక్యాలూ ఆయన ముందుంచి, "సార్, ప్రయత్నించాం, కుదరలేదంటే మొదటిది అక్కడితో ఆగిపోతుంది. రెండోదానికి అట్ల తప్పించుకునే సందు లేదు" అన్నాను. ఆయన రెండుసార్లు చదివి కలం మూత పెట్టారు. "సరే, రెండోదాని మీదనే రాయండి. ఇత్తడి సంగతి మాత్రం మీరే కళ్లతో చూసి రావాలె" అన్నారు.

గూడెం చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. సోనుబాయి ఇంటి ముందు గోనెపట్టా మీద పాత ఇత్తడి కుప్పగా పోసి ఉంది. విరిగిన నల్లాలు, సొట్టపడిన గిన్నెలు, నాలుక ఊడిన గంటలు. ఒక నల్లా మీద పరదేశపు అక్షరాలున్నాయి. అది చూసి నాకు గుబులు పుట్టింది. ఈ ఇత్తడి ఎక్కడిదని అడిగాను.

"పాత సామాన్లోడు తెస్తడు మేడం. గల్ఫ్ పోయొచ్చినోళ్ల ఇండ్లల్లయి గూడ ఉంటయి. కరిగినంక అది ఏడిదో దానికే యాదికుండది."

తరువాత పని మొదలుపెట్టారు. పుట్టమన్నుతో చేసిన నెమలి ఆకారం మీద మైనాన్ని దారంలా సాగదీసి చుట్టారు. కన్ను, ముక్కు, ఈకల గీతలు అన్నీ ఆ మైనపు దారమే. దాని మీద మెత్తటి మట్టి పూత, ఆపైన ముతక మట్టి. అంతకు ముందే పూసి ఆరబెట్టిన అచ్చులను కొలిమిలో పెట్టారు. లోపల మైనం కరిగి కాలిపోయింది. మైనం ఉన్నంత మేర ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి దిగింది. చల్లారాక సోనుబాయి మట్టి పగలగొడితే లోపల నెమలి ఉంది. వెంట్రుకంత మైనపు గీత కూడా పోకుండా ఇత్తడిలోకి వచ్చింది.

ఒప్పందంలో మూలస్థానానికి ఒక సూత్రం ఉంది. ముడి సరుకు ఎక్కడిదైనా సరే, ఇక్కడ చేసిన పనితో అది సుంకాల పట్టికలో వేరే శీర్షిక కింది వస్తువుగా మారితే, ఇక్కడిదే. పాత ఒప్పందాల్లోనూ ఉన్న ఆ సూత్రాన్ని ఎన్నో ఏళ్లుగా ఫైళ్లలో రాస్తూ వచ్చాను. తుక్కు ఒక శీర్షిక, బొమ్మ ఇంకో శీర్షిక. ఆ మారడం కళ్లముందు జరగడం మాత్రం అదే మొదటిసారి చూశాను. ఎక్కడో పెద్ద హాలులో ఎవరో వాదించుకుని రాసుకున్న ఒక వాక్యం ఈ కొలిమి దాకా వచ్చి, ఈ నెమలికి అక్షరాలా సరిపోయింది. వెనక్కి వస్తుంటే జీపులో చాలాసేపు అదే ఆలోచన.

ఫొటోలతో నివేదిక రాశాను. జిల్లా అధికారి నేరుగా విదేశీ కస్టమ్స్‌కు రాయడానికి వీల్లేదు. మా కాగితం కమిషనర్ గారికి, అక్కడి నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి ఆ దేశంలో ఒప్పందం వ్యవహారాలు చూసే అధికారికి వెళ్లాలి. ఈలోగా గడువు పెంచమని సోనుబాయి కోడలితో అమ్మకాల వేదికకు రాయించాను. ప్రతిసారీ యంత్రం పంపే అదే జవాబు. ఒప్పందంలో కొనేవారి రక్షణకు ఒక అధికరణం ఉంది. అమ్మేవారికి ఏముందో అని మళ్లీ మొత్తం వెతికాను. ఒక్క మాట లేదు.

చివరికి ఆ దేశం నుంచి జవాబు వచ్చింది. డిజిటల్ సంతకం చెల్లుతుందని, నివేదికతో తృప్తి చెందామని, సుంకం రాయితీతో సరుకు విడుదల చేస్తున్నామని అక్కడి కస్టమ్స్ రాసింది. కానీ అప్పటికే గడువు దాటి వేదిక ఆర్డరు రద్దు చేసింది, సంఘం పేజీ మూసేసింది. ఆ షాపువాళ్లు మంచివాళ్లు. ఆర్డరు రద్దయినా సరుకు తామే తీసుకుంటామని సోనుబాయి కోడలికి నేరుగా ఫోన్ చేశారు. వేదికతో సంబంధం లేకుండా తరువాతి ఆర్డర్లూ వాళ్లే ఇచ్చారు. చంద్రపూర్ నుంచి వచ్చిన నాలుగు కుటుంబాల్లో మూడు గూడెంలో నిలిచాయి. ఒకటి వెళ్లిపోయింది. మూసిన పేజీ నేను రిటైరయ్యే దాకా తెరుచుకోలేదు.

సరఫరాదారుల శిక్షణలకు ఇప్పటికీ నన్ను అప్పుడప్పుడు పిలుస్తారు. వాళ్లకు రెండు సంగతులు చెప్తాను. ఒప్పందంలో ఏ నిబంధన చదివినా వాక్యం చివరి మాట చూడండి. 'చేయాలి' అనో 'చేయరాదు' అనో ఉంటే దాని మీద నిలబడవచ్చు, 'ప్రయత్నించాలి' అని ఉంటే నిలబడలేరు. రెండోది, ఒప్పందం దేశాలను కట్టేస్తుంది గానీ మీ సరుకు అమ్మిపెట్టే వేదికను కట్టేయదు. అందుకే కొనేవాడి చిరునామా మీ దగ్గర కూడా ఉంచుకోండి.