ఉతకని చొక్కా

దేశం దాటే కుక్కలకూ పిల్లులకూ ప్రయాణపు పెట్టెలు తయారు చేసే ఆయన్ని అందరూ పెట్టెల బాబాయి అంటారు. ప్రతి పెట్టెలోనూ ముందు తనే తల దూర్చి, ఎక్కడైనా మేకు మొన తగులుతుందేమోనని చెంపతో తడిమి చూస్తాడు. నీళ్లు ఒలికిపోకుండా గిన్నెలోనే ఐసుగా గడ్డకట్టించి పెడతాడు. యజమానులకు ఎప్పుడూ ఒకటే మాట: "మీరు కట్టి విడిచిన బట్ట ఒకటి ఇవ్వండి. ఉతక్కండి. మీ వాసనుంటే అది బెంగపెట్టుకోదు." ఆయనది మాత్రం ఒంటి బతుకు. విడిచిన చొక్కా ఏ పూటకాపూట తనే ఉతికి ఆరేసుకుంటాడు.

మొన్నామధ్య ఒకావిడ తన ముసలి పిల్లిని ఆయనకు అప్పగించి ముందుగా విమానమెక్కింది. బట్ట ఇవ్వడం మరిచిపోయింది. పది రోజులు పక్కనే కూర్చుని, దానికి పెట్టెలో పడుకోవడం ఆయనే అలవాటు చేశాడు. పంపే రోజున లోపల పరచడానికేమీ లేక, ఒంటిమీది గళ్ల చొక్కా విప్పి పరిచేసి, బనీనుతోనే ఇంటికి పోయాడు. మూడో రోజు ఆవిడ ఫోన్ చేసింది. "బాబాయిగారూ, పిల్లి క్షేమంగానే చేరిందండీ. కానీ ఆ గళ్ల చొక్కా మీంచి లేవడం లేదు. నన్ను దగ్గరికే రానివ్వడం లేదు. ఎవరిదండీ అది?" "నాదేనమ్మా. తీసి పారే..." అనబోయి ఆగిపోయాడు. "ఒక్క వారం ఉంచు తల్లీ," అన్నాడు. "ఉతక్కమ్మా."