ఒక్కటే అయిపోయింది

ఫోన్‌లో ఇంకా ఎవరూ వినని కొత్త పాట కనబడితే చాలు, చివరిదాకా వినకుండా ఉండలేను.

నా చిన్నప్పుడు అరకు సంతలో నాన్నకి కేసెట్ల కొట్టు ఉండేది. కాఫీ తోటలో పనిచేసే అక్క ఒకామె తన పాటలు తానే రికార్డు చేయించి ఒక కేసెట్ ఇచ్చింది. ఎవరైనా అడిగితే మరిన్ని తెస్తానంది. మొదటి పాట నాకెంతో నచ్చింది. కానీ తిరిగేకొద్దీ ఒకవైపు టేపు తరిగిపోతుంటే, పాటలు అయిపోతున్నాయని హడలిపోయి ఆపేశాను. ఇంకెవరూ వేయించుకోకుండా సినిమా కేసెట్ల వెనక దాచాను. నాన్న చెయ్యి అటు వెళితే ఊపిరి బిగబట్టేదాన్ని.

ప్రతి శుక్రవారం ఆమె వచ్చేది. "నా పాటలు ఎవులైనా అడిగినారా బాబూ?"

"నేదమ్మా," అనేవాడు నాన్న.

నాలుగో వారం కేసెట్ తిరిగిచ్చేయమంది. తీసిచ్చి, గర్వంగా ఆమె చెవిలో చెప్పాను. "ఒక్కటే అయిపోయిందక్కా. మిగతావన్నీ అలాగే ఉన్నాయి."

ఆమె నా తల నిమిరి వెళ్లిపోయింది. ఆ ఒక్కటీ విన్నది నేనే.