తోకచుక్క కోసం తెచ్చిన ఎర్ర దీపం

ఆ రోజుల్లో మా కోయంబత్తూరు మిల్లు లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఆకాశం వైపు చూసేవాడంటే పనీపాటా లేనివాడని లెక్క. నేను స్పిన్నింగులో అప్రెంటీసును. మా మేస్త్రీ నాకు మేనమామ కూడా. ఆయన ఒక మాట చెబితే పర్మనెంటు, చెప్పకపోతే ఇంటికే. ఆ ఒక్క మాట కోసం బుద్ధిగా ఉండాల్సింది పోయి, నక్షత్రాల పిచ్చి ఉన్న మా బడి సైన్సు వాద్యారు, అదే పంతులు, వెంట పడ్డాను. మార్గళి నెలలో, ధనుర్మాసం చలిలో, తెల్లవారకముందు తూర్పున తోకచుక్క వస్తుందని, దుర్భిణీలో చూపిస్తానని ఆయన అన్నారు. ఒకటే షరతు. చీకటికి అలవాటుపడిన కళ్లకు తెల్ల వెలుగు తగిలితే కథ మళ్లీ మొదటికొస్తుందట. అందుకని చుక్కల పటం చూసుకోవడానికి చిన్న ఎర్ర టార్చి తేవాలి.

ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. మిఠాయి పొట్లం కాగితం చుట్టి చూస్తే వెలుగు గులాబీ రంగులో వచ్చింది. సైకిలు వెనక ఉండే ఎర్ర బిళ్ల పెడితే అసలు వెలుగే రాలేదు. మా అవ్వ రవికగుడ్డ కడితే (అడిగి తీసుకోలేదనుకోండి) నారింజ రంగు. రంగు కుదరకపోతే వాద్యారు నలుగురిలో వెనక్కి పంపేస్తారేమోనని ఒకటే బెంగ. చివరికి మిల్లు ఎలక్ట్రీషియన్ అన్న జాలిపడి, గేటు దీపానికి స్పేరుగా ఉంచిన ఎర్ర అద్దం ఇచ్చాడు. నాన్న పెద్ద టార్చికి బిగించి చూస్తే, అబ్బ, దానిమ్మ గింజ ఎరుపు. ఆ సంబరంలో వాద్యారు చిన్నది తెమ్మన్న సంగతి మరిచేపోయాను.

వాద్యారు దుర్భిణీ నిలబెట్టింది మిల్లుకు పోయే దారి మలుపులో, మైదానం అంచున. నేను దీపం పట్టుకుని నా వంతు కోసం నిలబడ్డాను. తలకు మఫ్లర్లు చుట్టుకుని ఫస్టు షిఫ్టుకు వచ్చేవాళ్లు మలుపు దాకా వచ్చి, ఇటు చూసి, గుంపులుగా వెనక్కి తిరుగుతున్నారు. ఇంత మంచి తోకచుక్కను వదులుకుని పోతున్నారే పాపం అనుకున్నాను కూడా. అంతలో షిఫ్టు వేళైందని మిల్లు సంగు, అదే సైరను, కూసింది. దారిలో నరమానవుడు లేడు.

అప్పుడు తట్టింది నాకు. కరెంటు లేక షిఫ్టు నిలిచిపోతే, జనం మిల్లు దాకా నడవకుండా వాచ్‌మన్ ఎర్ర దీపంతో ఆ మలుపులోనే నిలబడతాడు. అది చూస్తే ఎవరూ ఏమీ అడగరు, ఇంటికెళ్లి మళ్లీ పడుకుంటారు. (నాకు తెలియదా అంటే, పుట్టినప్పటినుంచీ తెలుసు.) వాద్యారు నీ వంతు వచ్చిందని పిలుస్తున్నా వినకుండా మామ ఇంటికి పరిగెత్తాను.

మామ ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు.

“షిఫ్టు లేదు గదరా, దేనికి లేపుతుండావు?”

అంతా చెప్పాను. మామ లేచి, చొక్కాలో ఒక చెయ్యి దూర్చి ఆగిపోయాడు. ఆ రెండో చెయ్యి దూరేలోపు నా ఉద్యోగం ఊడిపోయిందనే అనుకున్నాను.

“రెడ్ లైట్ పట్టింది ఎవురని ఆఫీసులో అడిగితే,” అన్నాడు మెల్లగా, “మేస్త్రీ, నువ్వు ఎక్కడుంటివని నన్ను గూడ అడుగుతారు గదరా. నోరు మూసుకోని ఆ గ్లాసు తీసెయ్యి.”

కరెంటు వచ్చేసిందని అరుస్తూ ఇద్దరం లైన్లన్నీ లేపాం. మిల్లు గేటు దగ్గర మామ ఆయాసపడుతూ, “అవునురా, ఆ చుక్కకు తోక నిజంగా ఉండాదా?” అని అడిగాడు. నేను చూడలేదని చెప్పడానికి ఏడుపొచ్చింది.

ఉద్యోగం నిలిచింది, తోకచుక్క పోయింది. ఇప్పుడు నా దగ్గర వాద్యారు చెప్పినట్టే చిన్న, మసక ఎర్ర టార్చి ఉంది. మిల్లు మూతబడి చాలా ఏళ్లయింది. అయినా మేడమీద దాన్ని వెలిగించగానే అరచెయ్యి అడ్డం పెట్టి మలుపు వైపు చూస్తాను, ఎవరైనా వెనక్కి తిరుగుతున్నారేమోనని.