నోరూరిన పాఠం

ఆమె సగం జీవితం గంజిలోనే గడిచింది. లాండ్రీలో చొక్కాలకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఆ ఆవిరి మధ్యే పుస్తకాలు చదివి, తల నెరవడం మొదలయ్యాక సైన్సు పాఠం చెప్పడానికి వచ్చింది. ఉద్యోగం ఇంకా చేతికందలేదు. ఈ రోజు పాఠం నచ్చితేనే ఉంచుకుంటామని హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పేసింది.

పొద్దున్న పొయ్యి మీద గంజి పల్చగా కాస్తుంటే ఆడపడుచు నవ్వింది.

"లోకంలో ఎవరైనా ఉమ్మి చూపించి ఉద్యోగం తెచ్చుకుంటారా వదినా?"

"నీ నోటితో నువ్వు కాపురం నెట్టుకురావడం లేదూ? ఇదీ అంతే."

తరగతిలో రెండు గాజు గొట్టాల్లో ఆ గంజి పోసి, చెరో చుక్క అయోడిన్ వేసింది. రెండూ వాన ముందరి సాయంత్రంలా ముదురు నీలమయ్యాయి. ఒకదాంట్లో నీళ్లు కలిపింది. రెండో దాంట్లో తన ఉమ్మి వేయాలి. పిల్లలది వాడొద్దని హెడ్మిస్ట్రెస్ ఆజ్ఞ. ఆవిడ చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంది.

గొట్టం అంచున పెదవి ఆనించింది. చుక్క రాలలేదు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. భయం నోట్లోని తడినంతా తాగేసింది.

"ఏమైందమ్మా?" అంది వెనకనుంచి హెడ్మిస్ట్రెస్.

"భయమేస్తే నోరెండిపోతుందండీ. అదీ పాఠంలోదే."

తరగతి ఘొల్లున నవ్వింది. ముందు బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచింది.

"టీచర్, కళ్లు మూసుకోండి. నిమ్మకాయ అడ్డంగా కోశాను. ఉప్పద్దాను. ఇదిగో, మీ నాలుక మీద పిండుతున్నా..."

"నాకో చెక్క ఇవ్వవే!" అంది పక్కపిల్ల.

"ఆపవే తల్లీ, ఇక్కడ కారిపోతోంది!" అని అరిచాడు ఇంకో పిల్లాడు.

తరగతంతా గుటకలు. చివరి బెంచీలోనూ ఒక గుటక వినిపించింది. ఆమె దవడల కింద దాగిన ఊటలు ఒక్కసారిగా మేలుకున్నాయి. కావలసినంత పడింది. గొట్టాన్ని గుప్పిట్లో వెచ్చబరుస్తూ మొదలుపెట్టింది.

"గంజి పెట్టిన చొక్కా పెళపెళలాడుతుందిగా? ఆ బిగువంతా పిండిపదార్థానిది. చక్కెర అణువులు చేయీ చేయీ పట్టుకుని బారులు తీరి ఉంటాయి. లాలాజలంలోని ఎంజైము ఆ చేతులు విడదీస్తుంది. అందుకే అన్నం ముద్ద నమిలేకొద్దీ తియ్యగా మారుతుంది. అరుగుదల కడుపులో కాదర్రా, నోట్లోనే మొదలు!"

గుప్పిట తెరిచింది. నీలం అలాగే ఉంది. మళ్ళీ మూసింది. కిటికీ మీద ఎండ కూడా ఆగి చూస్తున్నట్టుంది.

రెండోసారి తెరిచేసరికి నీలం ఊదా అయింది. ఊదా ఇటుకరంగైంది. చివరికి ఎండుగడ్డి రంగు మిగిలింది, అదీ పోయింది.

"పోయింది టీచర్! పోయింది!"

నీళ్లు కలిపిన గొట్టం మాత్రం చలించని నీలంతో అలాగే నిలబడింది.

హెడ్మిస్ట్రెస్ వచ్చి తేటపడిన గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసింది.

"ఉద్యోగం మీదే. రేపటినుంచి మిగతా సెక్షన్లకీ మీరే చెప్పాలి. అదలా ఉంచండి, గంజి ఇంకా ఉందా?"

"ఉందండీ."

"నాకో గొట్టం ఇవ్వండి. ఒరేయ్, ఎవరూ ఇటు చూడకండి!" అని ఆవిడ గోడవైపు తిరిగింది.

అందరూ అటే చూశారు.